తేలిక బాణం

మొండయ్య కుడి భుజం చెడి రెండేండ్లయింది. అడవిల వెదురు కొట్టే కూపుల బొంగుల మోపు ఎత్తుకుంటుంటే కాలు జారి పడ్డడు, భుజం గూడు తప్పింది. గూడెం పెద్దమనిషి రాయమల్లు ఆయన చంకల మడిమె ఆనించి, చెయ్యి గుంజి, ఎముకను మళ్ళ దాని జాగల కూసుండవెట్టిండు. చెయ్యి దక్కింది. గొడ్డలి పడుతది, నాగలి పడుతది, కావడి మోస్తది. విల్లు కాడికి వచ్చేసరికే పని చెడుతది. నారి చెంపదాక రాకముందే భుజంల సూది గుచ్చినట్టయి చెయ్యి ఆగిపోతది.

ఈ సంగతి మొండయ్యకు తెలుసు. ఆయన పెండ్లాం మల్లక్కకు సగం తెలుసు. గూడెంల ఇంకెవలకు తెల్వదు. "భుజం ఎట్లున్నది?" అని ఎవలన్నా అడిగితే, "తక్కువైంది" అని ఒక్క మాటతోటి తేల్చేటోడు.

ఆ గూడెం గోదారికి ఉత్తరం ఒడ్డున, మంథనికి ఎదురుంగ, ఏటి నుంచి మూడు కోసులు లోపటికి ఉంటది. ఇరవై రెండు ఇండ్లు, అందరు నాయకపోళ్ళే. చుట్టూ టేకు, నల్లమద్ది, వెదురు. ప్రతి ఇంట్ల చూరు కింద ఒక విల్లు వేలాడుతుంటది గని, వేట అంటే పిలుపు మొండయ్యకే వచ్చేది. నిలబడ్డ జంతువును ఎవలైనా కొడుతరు. ఉరికేదాన్ని కొట్టెటోడు ఆయనొక్కడే. పదిహేనేండ్లు గూడెం ఆయన కొట్టిన మాంసం తిన్నది.

నైజాం రాజ్యం పోయి ఐదేండ్లయింది. అంతకుముందు పోలీసు పటేలు దగ్గర ఒక నాటుతుపాకి ఉండేది. అడవిపందులు చేన్ల మీద పడితే వచ్చి రెండు దెబ్బలు కాల్చేటోడు. మిలిట్రీ వచ్చినంక ఊర్లల్ల తుపాకులన్నీ జమచేసుకొని పోయిన్రు. పటేలు తుపాకి కూడ పోయింది. ఇగ పందులకు మొండయ్య బాణమే మిగిలింది.

ఆయన పాత బాణాలు బరువైనవి. ముదురు వెదురు పుల్ల, మొనకు బొటనవేలంత ఇనుప అలుగు, వెనుక మూడు గద్ద ఈకలు. గాలిల పోతుంటే కంటికి కనబడేంత నిదానంగ పోయేటివి. గని తొణకవు, బెణకవు, ఎక్కడ చూసి ఏస్తే అక్కడనే దిగబడతయి. పందికి పక్కలకెల్లి పోతే అటుపక్క మొన బయటికి వచ్చేది. పెద్ద విల్లు, గట్టి చెయ్యి ఉన్నన్ని రోజులు ఆ నిదానం ఎవలకూ అడ్డం రాలే.

భుజం చెడినంక మొండయ్య పలుచటి విల్లు ఒకటి చేసుకున్నడు. దానికి పాత బాణం పెడితే అది ముసలెద్దు తీర్గ నడిచింది. ఎండకాలంల ఒకనాడు వాగు చెలిమ కాడ దుప్పి నీళ్ళు తాగుతుంటే ఇరవై ఐదు అడుగుల నుంచి ఏసిండు. నారి చప్పుడుకే దుప్పి చెవులు లేచినయి. బాణం చేరేసరికి అక్కడ దుప్పి లేదు. దాని కడుపు ఉండాల్సిన కాడికెల్లి పోయి బురదల నాటుకున్నది. మొండయ్య పోయి బాణం గుంజి, కడిగి, చెలిమ పక్కన శానసేపు కూసున్నడు.

ఆ వానకాలం మొదలైన కాడికెల్లి ఆయన బాణాలు చెక్కుడు మొదలువెట్టిండు. అరుగు మీద కూసొని కత్తితోటి పుల్లను చుట్టూ గీకి సన్నం చేసేటోడు. అలుగు సగానికి సగం చిన్నగ చేయించిండు. ఇంటెనుక ముప్పై అడుగుల దూరంల ఎండిన సొరకాయ ఒకటి వేలాడగట్టి ఏసి చూసుకునేటోడు. పుల్ల మరీ సన్నమైతే విల్లు ఇడిచిన గడియకే పాము తీర్గ మెలికలు తిరిగేది. ఈకలు పెద్దగ కడితే మెలిక తగ్గేది, గని వేగం కూడ తగ్గేది. ఈకలు కత్తిరిస్తే దూసుకపోయేది, ఎటు పోతదో దానికే తెల్వకుండ పోయేది. నెలరోజులు ఇదే పని. ఆఖరికి ఒక లెక్క కుదిరింది. పుల్ల సన్నం, అలుగు చిన్నది, ఈకలు పొడుగే గని వెడల్పు తక్కువ. పది ఏస్తే ఎనిమిది సొరకాయను తాకినయి. రెండు ఎటో పోయినయి. కండ్లు చూసేలోపల పోయినయి.

'ఎనిమిది చాలు' అనుకున్నడు మొండయ్య.

ఒకనాడు రాయమల్లు అటు వచ్చి, అరుగు మీద ఉన్న బాణం తీసి వేలు మీద అడ్డంగ నిలబెట్టి చూసిండు. ముసలాయనకు కండ్లు మసక, గని చేతులకు అన్నీ తెలుస్తయి.

"గిది పిట్టలకు చేసినవా?"

"పందికే, కాకా."

"గింత అలుగుతోటి పంది సస్తదా? గిచ్చినట్టయితది."

"వేగంగ పోతది. చప్పుడు ఇననీకి ముందే తాకుతది. తాకినంక ఇంకొకటి ఏస్త."

రాయమల్లు బాణాన్ని అటు ఇటు తిప్పి కింద పెట్టిండు. "మొండయ్యా, బాణం బరువు తీస్తే ఉరుకుతది బిడ్డా, గని అది నీ మాట ఇనదు. నీకు భుజం బాగలేకపోతే బాగలేదని చెప్పు. ఎవడు నవ్వుతడు?"

"భుజానికేమైంది, మంచిగనే ఉన్నది" అన్నడు మొండయ్య.

రాయమల్లు ఎల్లిపోయిండు. మల్లక్క లోపట పొయ్యి కాడ ఇదంత ఇన్నది. ఆమె ఏం అనలే.

మల్లక్కకు ఒక్కడే తమ్ముడు, సారయ్య. ఇరవై ఆరేండ్లుంటయి. పెండ్లయి మూడేండ్లు. పెండ్లాం లస్మవ్వ, తను కలిసి గుట్ట మొదట్ల కొత్తగ రెండెకరాలు చదును చేసి మక్క ఏసిన్రు. మొదటి పంట. పొట్టేలు అమ్మి విత్తనం తెచ్చిన్రు. కంకులు పాలు పోసుకునే వేళకు పందుల గుంపు ఒకటి దానికి మరిగింది. పెద్ద మగపంది ముందట, ఎనుక ఏడెనిమిది. కొన్ని తిన్నయి, తిన్నదానికి నాలుగింతలు తొక్కినయి. సారయ్య మంచె కట్టి కావలి కాసిండు, డప్పు కొట్టిండు, మంట పెట్టిండు. పందులు రెండు రోజులకు డప్పుకు అలవాటైనయి.

బాద్రపదంల ఒకనాడు మాపటీలి సారయ్య అక్క ఇంటికి వచ్చిండు. మనిషి నిద్రలేక కండ్లు గుంటలు పడ్డయి.

"బావా, ఇగ నాతోని కాదు. ఇంకో నాలుగొద్దులైతే చేన్ల పుల్లలు గూడ మిగలయి. రేపు పొద్దుగాల కొడదాం. తెల్లారినంక గూడ అవి చేన్లనే పంటున్నయి, పోతలేవు. నేను పైనుంచి తోలుకొస్త, నువ్వు దిగువ గట్టు కాడ నిలబడు."

"మనుషులు ఎంతమంది?"

"నేను, ఇంకా ముగ్గురు. చాలు. ఎప్పటి దూరమే, చేన్ల పుట్ట కాడ ఆగుతం."

చేను నడుమ ఒక పెద్ద చెదపుట్ట ఉన్నది. దిగువ గట్టు నుంచి దానికి ఎనభై అడుగులు. ఎన్నేండ్ల నుంచో వేటకాళ్ళకు ఒక లెక్క ఉన్నది. తోలెటోళ్ళు ఏసెటోనికి డబ్బై అడుగుల అవతలనే ఆగాలె. మొండయ్య బరువు బాణం ఏ యాభై అడుగుల కాడనో వంగి నేలకు దిగుతది. అవతల ఉన్నోనికి ఫికరే లేదు. ఇది అందరికి తెలిసిన దూరం, ఎవలూ కొలిచి చెప్పుకునేది కాదు.

తేలిక బాణం ఎంత దూరం పోతదో మొండయ్యకు తెలుసు. సొరకాయ తప్పిన బాణాలను ఆయన ఎతుక్కున్నది ఇంటెనుక వంద అడుగుల అవతల తుప్పలల్ల. ఒక్క మాట నోటికాడికి వచ్చింది. 'సారయ్యా, పుట్ట కాడ కాదు, ఇంకా పైన ఆగుండ్రి' అంటే అయిపోయేది. గని ఎందుకని అడుగుతడు. కొత్త బాణాలని చెప్పాలె. కొత్త బాణాలు ఎందుకని అడుగుతడు. భుజం సంగతి చెప్పాలె. పదిహేనేండ్ల నుంచి "బావ ఉన్నడు, మనకేం" అనుకుంట పెరిగిన పోరడు ముందట కూసొని చూస్తున్నడు.

"సరే, పొద్దుగాల వస్త" అన్నడు మొండయ్య.

తెల్లారి మబ్బు పట్టి ఉన్నది గని వాన లేదు. మొండయ్య గట్టు కాడ మోదుగు తుప్ప పక్కన నిలబడ్డడు. పైనుంచి కేకలు మొదలైనయి. మక్కపుల్లలు కదిలినయి, ఆ కదులుడు కిందికి వచ్చింది. గట్టు ముందట పదిహేను అడుగుల బయలు ఉన్నది, పందులు దాన్ని దాటి వాగులకు పోతయి. మొదట రెండు పిల్లలు ఉరికినయి. ఆయన ఇడిచిపెట్టిండు. తర్వాత మగపంది వచ్చింది. అది బయలుల కాలు పెట్టి ఒక్క గడియ ఆగి, ముట్టె ఎత్తి వాసన చూసింది. పందికి ఎనుక చేను, చేను నడుమ పుట్ట.

మొండయ్య నారి గుంజిండు. భుజం పొడిచింది. సగం గుంజుడుకే ఇడిచిండు.

బాణం పోయిన తీరు ఆయనకు మంచిగ కనబడ్డది. మొదట నేరుగనే పోయింది. పంది దగ్గరికి పోయినంక తోక కొట్టుకున్నది. పంది వీపు మీద వెంట్రుకలను రాసుకొని, ఇంత పైకి లేచి, మక్కల మీదికెల్లి పోయింది. పంది గుర్రుమని పక్కకు తిరిగి వాగుల దునికింది.

పుట్ట కాడికెల్లి "అవ్వా" అన్న మాట ఇనబడ్డది. కేక కాదు. ముల్లు గుచ్చుకున్నోడు అన్నట్టు మెల్లగ అన్నడు.

మొండయ్య ఉరికి పోయేసరికి సారయ్య పుట్టకు ఆనుకొని కూసొని ఉన్నడు. బాణం కుడిపక్క డొక్కల దిగింది. జానెడు పుల్ల లోపట ఉన్నది. నెత్తురు శాన లేదు. సారయ్య బాణాన్ని, మొండయ్యను మార్చి మార్చి చూసిండు.

"పంది పోయిందా బావా?" అని అడిగిండు.

రాయమల్లు వచ్చి చూసి, బాణాన్ని గుంజొద్దన్నడు. గుంజితే లోపటివన్నీ దానెంట వస్తయన్నడు. బయట ఉన్న పుల్లను బెత్తెడు ఇడిచి కోసిండు. లస్మవ్వది మంచి చీర ఒకటి చింపి చుట్టూ కట్టిన్రు. ముసలాయన మొండయ్యను పక్కకు పిలిచిండు.

"మంథని దవాఖానకు పోవాలె. డాక్టరు కోసి తీస్తెనే. నా చేతుల లేదు. దారిల నీళ్ళు తాపకుండ్రి. పెదవులు తడుపుండ్రి అంతే."

ఏరు దాటకుండ చెన్నూరు దిక్కు పోవచ్చునని ఒకడన్నడు. నడుమ రెండు వాగులున్నయి, రెండూ పొంగి ఉన్నయని ఇంకొకడన్నడు. ఇగ గోదారే. నులకమంచానికి బొంగులు కట్టి సారయ్యను పండవెట్టిన్రు. నలుగురు ఎత్తుకున్నరు. మొండయ్య ఎడమ భుజం ఇచ్చిండు. కుడి భుజం మారుద్దామంటే కుదరలే. మంచం అటు వొరిగి సారయ్య మూలిగిండు. అప్పుడు చూసిండు ఎనుక మోసెటోడు, మొండయ్య కుడి చెయ్యి బరువు కింద పైకి లేస్తలేదని. లస్మవ్వ, మల్లక్క ఎంబడి నడిచిన్రు.

మూడు కోసులు బురదల నడిచి పగటీలికి ఒడ్డుకు చేరిన్రు.

గోదారి కనబడంగనే మోసెటోళ్ళ కాళ్ళు ఆగినయి. ఇసుక దిబ్బలు లేవు, నడుమ బండలు లేవు. ఒడ్డు మీది సర్కారు తుమ్మలు మెడలదాక మునిగినయి. ఎర్రటి నీళ్ళు, అంత వెడల్పుల ఒక్క తీర్గ కదులుతున్నయి. ఒక పెద్ద చెట్టు ఏర్లతోటి సహా తేలుకుంట పోయింది. అటు ఒడ్డు సన్నగ గీత తీర్గ ఉన్నది.

పడవ నడిపే వెంకటి పడవను ఒడ్డు మీదికి గుంజి చెట్టుకు కట్టుకున్నడు. ఏటి మీదనే పుట్టి ముసలోడయిండు. మంచం కాడికి వచ్చి చూసి తల అడ్డంగ ఊపిండు.

మొండయ్య ఆయన కాళ్ళు పట్టుకున్నడు.

"నా కాళ్ళు పట్టుకోకు అన్నా" అన్నడు వెంకటి. "నేను ఒక్కణ్ణే పోవాల్నంటే పోత. నాకు ఈత వస్తది. నట్టేట్ల పడవ బోర్లపడితే మంచం మీది పిలగాడు ఈదుతడా? ఆడోళ్ళు ఈదుతరా? పైన వాన పడుతున్నదట. రేపటికి తగ్గుతదో, పెరుగుతదో."

"అటు ఒడ్డుకు ఏమన్నా చెప్పరాదా? డాక్టరు ఇటు వస్తడేమో."

"ఎట్ల చెప్పుడు? పొద్దటి నుంచి అటు మనిషి కనబడలే."

అయినా మొండయ్య ఒడ్డు మీద నిలబడి తలపాగ ఇప్పి ఊపిండు. కేకలేసిండు. ఏటి చప్పుడుల ఆయన కేక ఆయనకే సరిగ్గ ఇనబడలే. లస్మవ్వ తన కొంగు ఊపింది. ఇద్దరు పొద్దుగూకేదాక ఊపిన్రు. అటు ఒడ్డు అట్లనే ఉన్నది.

ఆ రాత్రి వెంకటి గుడిసెల ఉన్నరు. తెల్లారి చూస్తే నీళ్ళు రెండు మూరలు పెరిగినయి.

సారయ్యకు జ్వరం వచ్చింది. కడుపు చెక్క లెక్క బిగుసుకున్నది. నీళ్ళు నీళ్ళని అడిగిండు. లస్మవ్వ బట్ట తడిపి పెదవులకు పెడుతుంటే బట్టను పండ్లతోటి పట్టుకొని చప్పరించిండు. ఆమె మొండయ్యను చూసింది.

"అన్నా, జర నీళ్ళు తాపుదునా?"

మొండయ్య నీళ్ళ ముంతను దూరం జరిపిండు. "రాయమల్లు కాక వద్దన్నడు గద చెల్లె" అన్నడు.

"కాక ఈడ ఉన్నడా? ఈయన దూప ఆయన చూస్తున్నడా?"

ఆమె తాపలే. మళ్ళ బట్ట తడిపింది.

వెంకటి అది చూడలేక గుడిసెల నుంచి లేచిండు. ఇద్దరు చాపలోళ్ళను తోలుకొచ్చి, ముందు ఖాలీ పడవతోటి పోయి చూస్త, పోయేటట్టుంటే మళ్ళొచ్చి ఎక్కించుకుంటనన్నడు. పడవను నీళ్ళల్లకు తోసిన్రు. ముగ్గురు తెడ్లేసిన్రు. ఇరవై బారలు పోంగనే ఏరు పడవ మూతిని పట్టుకొని తిప్పింది. మూడు సుట్లు తిరిగింది. ఒక తెడ్డు విరిగింది. ఒడ్డు మీద మల్లక్క రెండు చేతులతోటి నోరు మూసుకున్నది. పడవ అర కోసు దిగువకు కొట్టుకపోయి, మునిగిన తుమ్మచెట్లల్ల ఇరుక్కొని ఆగింది. వాళ్ళు కొమ్మలు పట్టుకొని ఒడ్డెక్కేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. వెంకటి తడిసి వణుక్కుంట వచ్చి మంచం కాడ నిలబడ్డడు.

"కాలే తమ్మీ" అన్నడు సారయ్యతోటి. తప్పు తనదైనట్టు అన్నడు.

"పరేషాన్ గాకు. నువ్వు మంచిగ వచ్చినవు గద" అన్నడు సారయ్య.

పొద్దు వాలినంక ఆడోళ్ళిద్దరు కట్టెలకు పోయిన్రు. మొండయ్య మంచం పక్కన కూసున్నడు. సారయ్య కండ్లు తెరిచి గుడిసె కప్పును చూసుకుంట పిలిచిండు.

"బావా."

"ఈడనే ఉన్న."

"నిన్నటి నుంచి అనుకుంటున్న. నేను పుట్ట కాడనే ఆగిన గద?"

"పుట్ట కాడనే ఆగినవు."

"ముందుకు రాలే గద?"

"రాలే."

"మరి బాణం అంత దూరం ఎట్లొచ్చింది?"

మొండయ్య తన కుడిచేతిని ఎడమచేతితోటి పట్టుకున్నడు. ఏటి చప్పుడు ఆగకుండ వస్తున్నది. చెప్పకపోతే ఈ పిలగాడు తనే తప్పు నిలబడ్డనేమో అనుకుంట పోతడు. చెప్తే ఏమనుకుంట పోతడో.

"కొత్త బాణాలు చేసిన సారయ్యా. తేలికవి. నా భుజం పోయింది, పెద్ద విల్లు వంగుతలేదు. వేగం కొరకు బరువు తీసిన. అవి నేలకు దిగవు, దూరం పోతయి. నాకు తెలుసు. నీకు చెప్పలే."

సారయ్య ఊపిరి పైపైన తీసుకుంటున్నడు. మొండయ్య తల వంచుకొని తిట్టు కొరకు చూసిండు.

"చెప్తే జర అవతల నిలబడేటోన్ని గద బావా" అన్నడు సారయ్య. కోపంగ అనలే. చెప్పకుండ నాగలి తీసుకపోయినోణ్ణి, చెప్పి తీసుకపోరాదా అన్నట్టు అన్నడు.

మొండయ్యకు ఆ మాట తట్టుకునేటట్టు లేదు. తిట్టినా, కొట్టినా ఎట్లనో ఓర్చుకునేటోడు. మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చిండు. సారయ్య చెయ్యి ఆయన తల మీదికి వచ్చింది. కావాల్నని పెట్టిండో, చెయ్యే జారి పడ్డదో మొండయ్యకు తెల్వలే. తలుపు కాడ కట్టెల మోపు కింద పడ్డ చప్పుడైంది. తల ఎత్తి చూస్తే మల్లక్క నిలబడి ఉన్నది. ఎంతసేపటి నుంచి ఉన్నదో ఏమో.

సారయ్య ఆ మాపటికే పోయిండు. ఆఖరికి లస్మవ్వ ఎవల్నీ అడగకుండ ముంతతోటి నీళ్ళు తాపింది. రెండు గుటికలు తాగిండు. "సల్లగున్నయి" అన్నడు. ఆ తర్వాత మాట్లాడలే.

మూడోనాడు పొద్దుగాల నీళ్ళు దిగినయి. అటు ఒడ్డు మీద మనుషులు కనబడ్డరు. ఒకడు చెయ్యెత్తి ఇటు దిక్కు ఊపిండు. ఎవలూ తిరిగి ఊపలే.

కబురు పోయి పోలీసు పటేలు వచ్చిండు, ఆయనెంట ఠాణా అమీను సాబు, ఒక జవాను వచ్చిన్రు. పుట్ట కాడ, గట్టు కాడ తాడుతోటి కొలిచిన్రు. ముగ్గురు తోలెటోళ్ళను అడిగిన్రు. పంది మీద ఏస్తే తగిలిందని ముగ్గురు చెప్పిన్రు. లస్మవ్వను అడిగిన్రు. "మా అన్నకు మా ఆయన మీద పగేమున్నది" అన్నది. మొండయ్యను అడిగితే, "నేనే సంపిన" అన్నడు.

"కావాల్నని ఏసినవా?" అమీను అడిగిండు.

"కాదు."

"అయితే అది సంపుడు కాదు. అట్ల అనకు, రాసుకునేదానికి నాకు తకలీఫ్ అయితది."

"నన్ను తోలుకపోండ్రి సార్."

అమీను ఆయన ముఖం చూసిండు. "తోలుకపోయి ఏం చెయ్యాలె? పిలిస్తే రా" అన్నడు. కాయితం మీద మొండయ్య బొటనవేలు ముద్ర ఏయించుకొని, విల్లు, మిగిలిన బాణాలు జవాను చేతికిచ్చి, పోయిన్రు. తర్వాత రెండుసార్లు పిలిపించిన్రు. రెండుసార్లు అదే అడిగిన్రు. ఆపైన పిలువలే. మొండయ్య ఇంకో నాలుగు నెలలు ఎదురుచూసిండు, ఎవలన్నా వచ్చి ఏమన్నా శిక్ష చెప్తరేమోనని. ఎవలూ రాలే.

పందులు మాత్రం వచ్చినయి. సారయ్య దినాలు కాకముందే చేను సగం పోయింది. మొండయ్య పొద్దుమాపు మంచె మీద ఉండి డప్పు కొట్టిండు, గొంతు పోయేదాక ఒర్రిండు. మగపంది ఒకనాడు తెల్లారి మంచె కిందికే వచ్చి కంకి ఇరుచుకొని తిన్నది. మొండయ్య పైనుంచి చూసిండు. ఒక రాయి ఇసిరిండు. అది తల ఎత్తి చూసి మళ్ళ తిన్నది. పంట కోసే యాళ్ళకు రెండెకరాలల్ల నాలుగు గంపలు వచ్చినయి. అవి తీసుకపోయి లస్మవ్వ గుమ్మం ముందట పెట్టిండు. ఆమె చూసి, "అన్నా, నువ్వు తిన్నవా?" అని అడిగింది. మొండయ్య ఎనుకకు తిరిగి వచ్చేసిండు. పది దినాలకు లస్మవ్వ తోడబుట్టిన అన్న వచ్చి ఆమెను తల్లిగారింటికి తోలుకపోయిండు. దున్నెటోళ్ళు లేక చేను పడావు పడ్డది.

మల్లక్క మొండయ్యను ఏమీ అనలే. అది ఆయనకు అన్నిటికన్నా బరువైంది. గటక వండి పెట్టేది, నీళ్ళు తోడి పెట్టేది. మునుపు బువ్వ తినుకుంట నాలుగు మాటలు మాట్లాడేటిది, ఇప్పుడు గోడ దిక్కు తిరిగి తింటది. ఒకనాడు ఆయనే ఉండబట్టలేక అడిగిండు.

"నన్ను తిట్టరాదే? నీ తమ్ముణ్ణి సంపిన."

"తిడితే వస్తడా?" అన్నది. కొద్దిసేపు ఆగి, "నీ భుజం మంచిగ లేదని నాకు ఎరుకే. నేను గూడ చెప్పలే" అన్నది. చెప్పి, చెంబు తీసుకొని బయటికి పోయింది.

పుష్యమాసంల ఇద్దరు వెదురు కూపుకు కూలికి పోయిన్రు. గూడెంల ఉంటే పొద్దు గడుస్తలేదు. ఆసిఫాబాద్ దిక్కు పెద్ద అడవి, ఎక్కడెక్కడి మనుషులో వచ్చి గుడిసెలేసుకున్నరు. మొగోళ్ళు బొంగులు కొడితే ఆడోళ్ళు కట్టలు కడుతరు. మల్లక్క పక్కన మంథని దిక్కు నుంచి వచ్చిన చంద్రవ్వ అనే ఆమె పనిచేసేది. మంచి మాటకారి. రెండు రోజులల్ల తన ఇంటి సంగతులన్నీ చెప్పి, మూడోనాడు మల్లక్కను అడుగుడు వెట్టింది.

"అక్కా, నీకు తోడబుట్టినోళ్ళు ఎంతమంది?"

మొండయ్య పదడుగుల దూరంల కుడి చెయ్యి అలిసి ఎడమచేత్తోటి బొంగులు కొడుతున్నడు. గొడ్డలి ఆగింది.

"ఒక్క తమ్ముడు ఉండె" అన్నది మల్లక్క.

"ఉండె అంటే? ఏమైంది?"

మల్లక్క కట్టకు తీగ చుట్టి, మోకాలు ఆనించి బిగించింది. తొందర పడలే.

"దెబ్బ తాకింది. మీ ఊరి దవాఖానకే తెస్తుంటిమి. గోదారి నిండుగ ఉండె. దాటలేకపోయినం."

"అయ్యో" అన్నది చంద్రవ్వ. "మొన్నటి వానకాలం వరదకు మాదిక్కు గూడ మస్తుమంది పోయిన్రు. ఏటిని ఏం చేస్తం అక్కా?"

"ఏం చేస్తం" అన్నది మల్లక్క.

ఆమె ఇటు చూడలే. చెప్పినదాంట్ల ఒక్కటి గూడ అబద్ధం లేదు. మొండయ్యకు పోయి మిగిలింది చెప్పాలనిపించింది. రెండడుగులు ఏసిండు. చంద్రవ్వ తల ఎత్తి చూసింది, ఏం కావాల్నన్నట్టు. ఆయన నోరు తెరిచిండు. మేస్త్రి అటునుంచి "ఏందే మొండయ్యా, నిలబడ్డవు?" అని కేకేసిండు.

మొండయ్య ఎనుకకు తిరిగి, గొడ్డలి అందుకొని, నరికిన బొంగును మళ్ళ నరుకుడు వెట్టిండు.